కొత్త రూల్స్ మీద సంతకం పెట్టేముందు: లారీ కొన్న మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. బండి చేతికొచ్చి ఊపిరి తీసుకోకముందే సంఘం వాళ్ళు వినతిపత్రం పట్టుకొచ్చారని, అందులో ఏసీ క్యాబిన్ దగ్గర్నుంచి ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజుల దాకా, ఓవర్‌లోడు జరిమానా నుంచి హిట్ అండ్ రన్ సెక్షన్ దాకా ప్రభుత్వం తెచ్చిన రూల్స్ అన్నీ ఒక్క దెబ్బతో రద్దు చేయాలని రాసి ఉందని, సంతకం పెడితే ఏమవుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదిది. పైగా నీలాగే అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొని ఓనర్ కమ్ డ్రైవర్‌గా దిగిన కుర్రాళ్ళు ఆటోనగర్ నిండా ఉన్నారు, వాళ్ళకీ ఇదే టెన్షన్. అందుకే వివరంగా రాస్తున్నా, చదివి వాళ్ళకి కూడా పంపించు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఆ కాగితం ఇప్పుడున్నట్టే ఉంటే సంతకం పెట్టొద్దు. పెట్టనని చెప్పి ఊరుకోకుండా, దాన్ని విడగొట్టి మళ్ళీ రాయమని అడుగు. ఎందుకంటే వాళ్ళు రెండు రకాల రూల్స్‌ని ఒకే మూటలో కట్టేశారు. కొన్ని నీ ప్రాణానికీ, రోడ్డు మీద నీకు ఎదురొచ్చేవాడి ప్రాణానికీ సంబంధించినవి. వాటిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగినా అడక్కపోయినా పాటించాల్సిందే. ఇంకొన్ని భారమంతా తెచ్చి మన నెత్తిన వేసేవి, సరుకు ఎక్కించినవాడినీ టైము పెట్టినవాడినీ వదిలేసి స్టీరింగ్ దగ్గరున్నవాడిని పట్టుకునేవి. వాటి మీద గట్టిగా పోట్లాడాలి. రెండూ కలిపేసి అన్నీ వద్దంటే "వీళ్ళకి భద్రతే అక్కర్లేదు" అని పక్కన పడేస్తారు, న్యాయమైన మన గోడు కూడా దాంతో పాటే పోతుంది.

సంఘం మీటింగుకి వెళ్తే ఒక సంగతి గమనించు. మైకు ఎప్పుడూ ఎక్కువ బండ్లున్న ఓనర్ల చేతిలోనే ఉంటుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని అనడం లేదు, కిస్తీలు, డీజిలు, టైర్లు, టోల్‌గేట్లు అన్నీ వాళ్ళకి నిజమైన కష్టాలే. కానీ జీతానికి తోలే డ్రైవర్ వెనక వరసలో నిలబడి ఉంటాడు, అతన్ని అడిగేవాళ్ళు ఉండరు. ఏసీ సంగతే తీసుకో. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన గూడ్స్ బండ్లకి క్యాబిన్‌లో ఏసీ ఉండాలని 2023 డిసెంబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. బండి రేటు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, డ్రైవర్ హాయిగా నిద్రపోతాడు అని ఓనర్లు గోల పెట్టారు. అదే మాట మే నెల మధ్యాహ్నం రెంటచింతల మీదుగా లోడుతో వెళ్ళే డ్రైవర్ని అడిగి చూడు. పైన రేకు కాలుతుంటుంది, పక్కన ఇంజిన్ సెగ మోకాలికి కొడుతుంటుంది, చెప్పు అడుగున పెడల్ కూడా వేడెక్కిపోతుంది, అద్దం దించితే వడగాలి, ఎత్తితే ఉడుకు. మనిషి సాయంత్రానికి పీల్చేసినట్టు అయిపోతాడు, ఆ మనిషే మళ్ళీ రాత్రంతా తోలాలి. నా దృష్టిలో ఇన్నేళ్ళలో డ్రైవర్ని మనిషిగా చూసి పెట్టిన రూల్ అంటే ఇదే. పైగా ఇది కొత్తగా తయారయ్యే బండ్లకే, నీ పాత బండి జోలికి రాదు. నీకు ఒక్క రూపాయి ఖర్చు లేని, రేపు నీ దగ్గర పనిచేసే డ్రైవర్‌కి మేలు చేసే దాన్ని రద్దు చేయమని నువ్వెందుకు సంతకం పెట్టాలి?

ఇక ఓవర్‌లోడు. మన లైన్లో అసలు గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చదువు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194వ సెక్షన్‌లో ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకి 2,000 అని పెట్టారు. అంటే ఐదు టన్నులు ఎక్కువేస్తే 30,000. అక్కడితో అయిపోలేదు, ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలనివ్వకూడదని, దింపిన కూలీ కూడా మనమే కట్టాలని అదే సెక్షన్‌లో ఉంది. కాటా వేయడానికి ఆపమంటే ఆపకుండా పోతే 40,000. రాష్ట్రాన్ని బట్టి అక్కడికక్కడ కట్టించుకునే మొత్తం మారుతుంది గానీ, కేంద్ర చట్టంలో ఉన్నది ఇది. ఒక్కసారి పట్టుబడితే ఎన్ని ట్రిప్పుల మిగులు పోతుందో నువ్వే లెక్క వేసుకో. ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు, "మామయ్యా, అండర్‌లోడుతో, అంటే రూలు ఒప్పుకున్న తూకంతోనే వెళ్తే కిరాయి గిట్టదు కదా" అంటావు. గిట్టదు, నిజమే. కిరాయి టన్ను లెక్కన ఉన్నంతకాలం, పక్కవాడు ఇంకో నాలుగు టన్నులు వేసుకుని తక్కువ రేటుకి ఒప్పుకుంటున్నంతకాలం, రూలు ప్రకారం నడిచేవాడికి గిట్టదు. అందుకే ఓవర్‌లోడు మీద జరిమానా తీసేయమని అడగడం మన కొంప మనం ముంచుకోవడమే అంటాను. అందరూ సరైన తూకానికి కట్టుబడితేనే టన్ను రేటు పెరుగుతుంది, నీలాంటి ఒక్క బండి ఓనర్ బతుకుతాడు. ఓవర్‌లోడు వల్ల లాభపడేది సరుకు యజమాని, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. టైర్లు పేలేది నీవి, బండి బరువు మోసే కమాన్ పట్టీలు విరిగేది నీవి.

మరి మన న్యాయమైన కోపం దేని మీద? ఆ సెక్షన్‌లో బండి తోలినవాడితో పాటు తోలించినవాడు, తోలనిచ్చినవాడు కూడా శిక్షకి అర్హుడే అని స్పష్టంగా ఉంది. కానీ రోడ్డు మీద చలాన్ ఎవరి పేరున పడుతుంది? డ్రైవర్ పేరున, బండి నంబరు మీద. క్వారీలో పొక్లెయిన్‌తో కంకర కుమ్మరించినవాడు, మిల్లు దగ్గర "ఇంకో యాభై బస్తాలు ఏం కాదులే" అన్న గుమస్తా హాయిగా ఇంట్లో ఉంటారు. వినతిపత్రంలో ఈ మాట రాయించు: లోడింగ్ పాయింట్ దగ్గరే కాటా స్లిప్పు తప్పనిసరి చేయాలి, తూకం మించితే సరుకు పంపినవాడి మీద కూడా కేసు పెట్టాలి. చట్టంలో ఉన్నదాన్నే అమలు చేయమంటున్నాం, దానికి ఎవరూ కాదనలేరు.

అది జరిగేలోపు నువ్వు చేయాల్సింది వేరే ఉంది. నీ ఆర్‌సీ తీసి అందులో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు చూడు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు (ఇరుసు మీద పడనిచ్చే బరువు) పెంచింది, పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి. అది విని పాత బండ్ల వాళ్ళు కూడా మాకూ వర్తిస్తుందనుకుని ఎక్కించేస్తుంటారు. నీ ఆర్‌సీలో ఎంత రాసి ఉందో అదే నీ లెక్క, బ్రోకర్ చెప్పింది లెక్క కాదు. మిర్యాలగూడలో బియ్యం ఎక్కించుకుని కాకినాడ పోర్టుకి బయల్దేరుతున్నావనుకో, మిల్లు గేటు దాటకముందే కాటా వేయించి స్లిప్పు ఫోటో తీసి, టైము పడేలా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వాట్సాప్ చేసి ఉంచు. తూకం ఎక్కువుంటే అక్కడే "దింపండి, లేకపోతే ఎక్కువ వేసింది మేమే అని బిల్టీ (సరుకు రసీదు) మీద రాసివ్వండి" అను. పది మందిలో తొమ్మిది మంది రాసివ్వరు, దింపుతారు. ఇద్దరు ముగ్గురు ఇతనికి లోడు ఇవ్వొద్దని కూడా అంటారు, అననీ. అలాంటి ఆఫీసు నుంచి లోడు తీసుకోకపోవడమే నీకు మంచిది.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు 19 మంది పోయారు. కంకర బస్సులోకి కుమ్మరించి మనుషులు అందులో కూరుకుపోయారు. అది చూశాక కూడా లోడు రూల్స్ సడలించమని కాగితం రాయడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు. కంకర, ఇసుక లాంటివి వేస్తే బాడీ అంచు దాటకుండా వేయించు, పైన పట్టా కట్టించు, తాళ్ళు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించు. లోడు కుదురుకున్నాక తాడు వదులవుతుంది, ఇది ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు.

లోడు తర్వాత నిద్ర. 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలోనే (2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది) రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు దాటకముందే అరగంట విశ్రాంతి అని రాశారు. లైన్ మీద అది ఎవరికీ తెలియదు, తెలిసినా నవ్వుతారు. ఎందుకంటే "పొద్దున ఆరుకల్లా అన్‌లోడింగ్ పాయింట్లో ఉండాలి, లేటైతే కిరాయిలో కోత" అని కంపెనీ వాడు పెట్టే షరతు ముందు ఏ చట్టమూ నిలబడదు. వేగం మించకుండా ఆపే స్పీడ్ గవర్నర్ వైరు పీకేయడం, తెల్లవారుజామున కళ్ళు మూతలు పడుతున్నా తోలడం, వీటన్నిటికీ మూలం ఆ టైము షరతే. కంపెనీ ఇచ్చే టైముకి గడువు ఉన్నట్టే డ్రైవర్ విశ్రాంతికీ లెక్క ఉండాలి, హైవేల మీద బండి ఆపుకోవడానికి లైట్లు, నీళ్ళు, మరుగుదొడ్డి, కాపలా ఉన్న స్థలాలు కట్టాలి అని అడగాలి మనం. డీజిల్ దొంగల భయానికే సగం మంది నిద్రపోరు.

నువ్వు మాత్రం రాత్రి రెండు నుంచి ఐదు మధ్య తోలొద్దు. ఇది నా ఖచ్చితమైన మాట, మీ అమ్మకి కూడా ఇదే చెప్పాను. ఆ టైములో కన్ను తెరిచే ఉంటుంది గానీ మనసు పడుకుంటుంది. మూడు గంటలు ఏదైనా పెద్ద డాబా ఆవరణలోనో, బంకు పక్కనో పడుకుని లే, ఆ మూడు గంటలు కలిపే కంపెనీ వాడికి చేరే టైము చెప్పు. డ్రైవర్ని పెట్టుకుంటే బత్తా సరిగ్గా ఇవ్వు, "తొందరగా వస్తే ఇంత ఎక్కువ" అనే లెక్క మాత్రం పెట్టొద్దు, ఆ ఆశతోనే వాడు నిద్ర చంపుకుంటాడు. క్లీనర్లు ఇప్పుడు దొరకడం లేదు, దొరికినా ఓనర్లు ఖర్చని పెట్టుకోవడం లేదు, ఒక్కడే మనిషి రాత్రంతా మాట్లాడేవాళ్ళు లేకుండా తోలుతున్నాడు. దూరం లోడైతే రెండో మనిషి లేకుండా ఒప్పుకోకు.

రోడ్డు పక్కన ఆపడం గురించి కూడా చెప్పాలి. పంక్చరై ఆగిన లారీని చీకట్లో వెనక నుంచి కార్లు, బస్సులు గుద్దుకున్న వార్తలు నువ్వూ చదువుతూనే ఉంటావు. బండి వెనక ఎర్ర రేడియం, పక్కల పసుపు రేడియం అతికించాలన్న రూల్ ఉంది, అందరూ ఎఫ్‌సీ రోజున అతికిస్తారు, తర్వాత దాన్ని పట్టించుకోరు. దుమ్ము, గ్రీజు పట్టి అది చేతివేలు మందాన మట్టిలో కలిసిపోతుంది. రోజూ సాయంత్రం బయల్దేరేముందు తడిగుడ్డతో వెనక రేడియం, టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు తుడు. రెండు నిమిషాల పని. తుడిచాక పది అడుగులు వెనక్కి పోయి ఫోన్ టార్చి కొట్టి చూస్తే నీకే తేడా కనిపిస్తుంది. బండి ఆగిపోతే పూర్తిగా మట్టి మీదికి దించు, నాలుగు ఇండికేటర్లూ వెయ్యి, ఎర్ర త్రికోణం బాగా వెనక్కి తీసుకెళ్ళి పెట్టు, 1033కి ఫోన్ చేసి చెప్పు. మనవాళ్ళు త్రికోణం బదులు చెట్టు కొమ్మలు, బండరాళ్ళు అడ్డం పెడతారు. బండి బాగయ్యాక రాళ్ళు అక్కడే వదిలేసి పోతారు, తర్వాత బైక్ మీద వచ్చేవాడు వాటి మీద పడతాడు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకు.

ఇప్పుడు అందరూ భయపడే హిట్ అండ్ రన్ సంగతి. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేసినప్పుడు ట్యాంకర్లు రాక హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టారు, గుర్తుందా. ఆ కోపం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. పాత ఐపీసీ 304ఎ కింద నిర్లక్ష్యం వల్ల చావుకి రెండేళ్ళ దాకా శిక్ష ఉండేది. భారతీయ న్యాయ సంహిత 106(1)లో అది ఐదేళ్ళ దాకా అయింది. 106(2)లో, ప్రమాదం చేసి పోలీసుకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా అన్నారు. డ్రైవర్లు అడిగింది ఒక్కటే: ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్ళు జైలు, మేమేం చేయాలి? దానికి ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. ఆ జనవరి 2న కేంద్ర హోం కార్యదర్శి ఆల్ ఇండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ వాళ్ళతో మాట్లాడి, వాళ్ళని సంప్రదించకుండా దాన్ని అమలు చేయబోమని చెప్పాక సమ్మె ఆగింది. 2024 జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా 106(2)ని మాత్రం పక్కన పెట్టారు. నోటీసు బోర్డుల మీద, వాట్సాప్‌లో ఏడు లక్షల జరిమానా అని తిరిగింది చూడు, సెక్షన్‌లో ఆ అంకె లేదు, జరిమానా కూడా ఉంటుంది అని మాత్రమే ఉంది. అవతలివాళ్ళతో వాదించేటప్పుడు లేని అంకె చెబితే ఉన్న న్యాయం కూడా పోతుంది, జాగ్రత్త.

అలాగని తప్పు జరిగితే పారిపోవచ్చని కాదు అల్లుడూ. 2022లో ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో ఎంతోమంది పది నిమిషాల్లో ఎవరైనా ఎత్తుకెళ్ళి ఉంటే బతికేవాళ్ళే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చదువు. గాయపడినవాడికి వైద్యం అందేలా చూడాలి, జనం మీదపడే పరిస్థితి ఉంటే తప్ప అని అందులోనే రాసి ఉంది. అక్కడ పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా దగ్గరి స్టేషన్లో చెప్పాలి, ఎలా చూసినా 24 గంటలు దాటకూడదు. కాబట్టి దేవుడు అలాంటి రోజు తేకూడదు గానీ, వస్తే మొదటి పని 108, రెండోది 112. నిలబడగలిగితే నిలబడు. జనం కర్రలు తీస్తున్నారనిపిస్తే బండి ఎక్కడుంటే అక్కడ వదిలెయ్, తాళం తీసుకుని నేరుగా స్టేషన్‌కి పో, దారిలోనే 112కి మళ్ళీ చేసి నువ్వెవరు, ఏ నంబరు బండి, ఎక్కడ జరిగింది, ఏ స్టేషన్‌కి వస్తున్నావు అన్నీ చెప్పు. ఆ కాల్ రికార్డే రేపు కోర్టులో నువ్వు పారిపోలేదని చెప్పే సాక్ష్యం. ఫోన్ స్విచ్చాఫ్ చేయడం, ఊరెళ్ళిపోవడం, ఓనర్ చెప్పాడని ఇంకొకడిని డ్రైవర్‌గా చూపించడం, వీటిలో ఏదీ చేయొద్దు. ఇంకో విషయం, 2025 మే 5 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం వచ్చింది. డబ్బు లేదని ఆసుపత్రి వాళ్ళు వెనక్కి పంపబోతే ఆ మాట గట్టిగా అడుగు. అది డ్రైవర్‌కి దెబ్బ తగిలినా వర్తిస్తుంది.

ఎఫ్‌సీ విషయానికొస్తే, నాకు రెండు మనసులున్నాయి. ఇదివరకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగి, కాస్త తోలి చూసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ఆటోమేటిక్ స్టేషన్లలో రోలర్ మీద చక్రాలు ఎక్కించి ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో మిషనే చెబుతుంది, హెడ్‌లైట్ ఎక్కడ పడుతోందో, పొగ ఎంత వస్తోందో అన్నీ కొలుస్తుంది. అలాంటి స్టేషన్ ఉన్న చోట పెద్ద బండ్లకి 2024 అక్టోబర్ 1 నుంచి అక్కడే చేయించాలన్నారు. మిషన్‌కి చేయి తడపక్కర్లేదు, ఎడమ చక్రానికి బ్రేకు తక్కువుందని ముందే తెలిస్తే ఘాట్ మీద ప్రాణం దక్కుతుంది, అందుకే మిషన్ పద్ధతి వద్దని మాత్రం నేననను. కానీ స్టేషన్ ఎక్కడో దూరంగా ఒక్కటే ఉంటే ఒక రోజు కిరాయి, డీజిలు పోతాయి, ఒక బల్బు సరిగ్గా లేదని ఫెయిల్ చేస్తే మళ్ళీ మొత్తం తిరగాలి. 2025 నవంబర్‌లో వయసును బట్టి ఫీజులు పెంచుతూ, ఇరవై ఏళ్ళు దాటిన పెద్ద బండికి 25,000 అని కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఉంది చూడు, అది పాత బండి మీద బతికేవాడి పొట్ట కొట్టడమే. పరీక్షలో పాసైన బండికి వయసు చూసి అంత ఫీజు ఎందుకు? పాడైతే ఫెయిల్ చేయండి, బాగుంటే మామూలు ఫీజు తీసుకోండి. ఈ ఒక్క అంశం మీద అయితే నేనే వచ్చి నీ పక్కన కూర్చుని సంతకం పెడతాను.

ఎఫ్‌సీ తేదీ దాటనివ్వకు. బండికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా. దాటిన ప్రతి రోజుకీ 50 రూపాయల చొప్పున అదనం. ఒడిశా లోడుకి వెళ్తే టోల్‌గేట్ దగ్గర కెమెరాలే నంబరు చూసి, కాగితాలు లేని బండికి చలాన్ పంపించే పద్ధతి పెట్టారు, మనిషిని బతిమాలుకునే అవకాశమే లేదు. స్టేషన్‌కి తీసుకెళ్ళే రెండు రోజుల ముందు మంచి మెకానిక్‌తో బ్రేకు షూలు, స్లాక్ అడ్జస్టర్లు చూపించు. అసలు ఎఫ్‌సీ దాకా ఎందుకు, రోజూ పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఎయిర్ ట్యాంకు కింద వాల్వు లాగి నీళ్ళు వదిలెయ్, గాలి నిండాక ఇంజిన్ ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని మీటరు ముల్లు చూడు, చెవి పెట్టి విను. ముల్లు జారుతున్నా, ఎక్కడైనా బుస్సుమన్నా ఆ బండి ఆ రోజు కదలకూడదు. మారేడుమిల్లి ఘాట్ లాంటివి దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దించేవాళ్ళ మాట వినకు. డ్రమ్ములు కాలిపోయాక బ్రేకు ఎంత తొక్కినా పట్టదు.

నిద్రమత్తు వస్తే అరిచే పరికరాలు, తనంతట తానే పడే బ్రేకులు పెద్ద బండ్లకి పెట్టాలని 2025లో కేంద్రం ఒక ముసాయిదా విడుదల చేసింది. పాత డ్రైవర్లు దాన్ని చూసి నవ్వారు, మన రోడ్ల మీద ఆవు, ఆటో, రాంగ్ రూట్లో బైకు వస్తుంటే అది పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుందని. ఆ మాటలో నిజం ఉంది. ముసాయిదా పెట్టినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇస్తారు, అప్పుడు మన వైపు నుంచి ఎవరూ రాయరు. కంపెనీల వాళ్ళు రాస్తారు. రూల్ అయిపోయాక మనం రోడ్డెక్కుతాం. సంఘంలో చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరిని పెట్టి, ప్రతి ముసాయిదాకీ తోలేవాళ్ళ అనుభవం రాసి పంపే పని అప్పగించమని చెప్పు. అందులో నువ్వే ఒకడివి కావచ్చు, డిగ్రీ చదివావు కదా.

రేపు సంఘం ఆఫీసుకి వెళ్ళినప్పుడు గొడవ పెట్టుకోకు, పెద్దవాళ్ళని మర్యాదగానే అడుగు. "బాబాయ్, ఓవర్‌లోడు, ఏసీ ఇందులోంచి తీసేద్దాం, ఎఫ్‌సీ ఫీజు, జనం దాడి చేస్తే డ్రైవర్‌కి రక్షణ, సరుకు పంపినవాడి బాధ్యత, పార్కింగ్ స్థలాలు, ఈ నాలుగే పెట్టి సెక్షన్ నంబర్లతో రాద్దాం" అను. కాగితం నేను రాసిస్తానను. ఎప్పుడూ లేనిది కుర్రాడు ముందుకొచ్చాడని కొందరు విసుక్కుంటారు, జీతానికి తోలే డ్రైవర్లు మాత్రం నీ వైపు నిలబడతారు. వాళ్ళనే నలుగురిని వెంటేసుకుని వెళ్ళు.

ఇంకొక్కటి మర్చిపోయేలోపు. బండి నీ పేరు మీదికి మారింది కదా, ఇన్సూరెన్స్ కూడా నీ పేరు మీదికి మార్పించావా? పాత ఓనర్ పేరుతోనే తోలుతుంటే వెంటనే మార్పించు. ఓనర్ కమ్ డ్రైవర్‌కి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందులో ఉందో లేదో చూడు, నామినీగా మీ ఆవిడ పేరు రాయించు. డ్రైవర్ని పెట్టుకుంటే అతనికి వేరే కొద్దిపాటి ప్రీమియం కట్టాలి, ఆ కొద్ది దగ్గర పీనాసితనం చూపించకు. పాలసీ కాగితం అన్ని పేజీలూ ఫోటో తీసి ఆదివారంలోపు నాకు పంపు, చూసి ఏం తక్కువుందో చెబుతాను.

మీ మామయ్య